కొల్లి కొండల మామ్మ

ఒకటి... రెండు... మూడు... మలుపులు లెక్కపెడుతూనే ఉంటాం. తల తిరగడం మొదలయ్యేసరికి ఇంకా సగం దారి కూడా దాటం. తమిళనాడులోని నామక్కల్ జిల్లాలో కారవల్లి దగ్గర కొండెక్కడం మొదలుపెట్టిన బస్సు పైకి చేరాలంటే 70 హెయిర్‌పిన్ మలుపులు తిరగాలి. పైకి పోయేకొద్దీ ఎండ తగ్గి గాలి చల్లబడుతుంది. మిరియాల తీగలు, కాఫీ మొక్కలు, పనస చెట్లు, అనాస తోటలు స్వాగతం పలుకుతాయి. ఇదే కొల్లిమలై.

ఇక్కడికొచ్చే యాత్రికులు ఆకాశగంగ జలపాతంలో తడిసి, అరపళీశ్వరుడి గుడికెళ్లి దిగిపోతుంటారు. కొండ మీదే మరో కథ కూడా ఉంది. ఇక్కడ ఓ భార్యాభర్తల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఆయన పోయింది 1929లో. ఆమె పోయింది 1974లో. మధ్యలో 45 ఏళ్లు!

ఆమె పేరు ఎవెలిన్ బ్రాండ్. లండన్‌లో కలవారి బిడ్డ, బొమ్మలు చక్కగా వేసేవారు. క్రైస్తవ మిషనరీగా మద్రాసు వచ్చి, 1913లో జెస్సీ బ్రాండ్‌ను పెళ్లాడి ఈ కొండలెక్కారు. అప్పటికి రోడ్డు లేదు, వైద్యుడు లేడు. ఇక్కడి గిరిజనులను మలయాళీలంటారు. కేరళవాళ్లని కాదు, కొండవాళ్లని అర్థం. జ్వరాలకు మందులివ్వడం, పిల్లలకు చదువు చెప్పడం, సువార్త చెప్పడం... ఇదీ ఆ దంపతుల దినచర్య. ఇదొక్కటే కాదు, చుట్టుపక్కల ఉన్న మొత్తం ఐదు కొండల వరుసల్లోనూ పనిచేయాలని ఇద్దరూ అనుకున్నారు. కానీ 1929లో బ్లాక్‌వాటర్ జ్వరం జెస్సీని తీసుకుపోయింది. అప్పటికి ఎవెలిన్‌కు యాభై ఏళ్లు.

తర్వాత మిషన్ పెద్దలు ఆమెకు మైదాన ప్రాంతాల్లో పని అప్పగించారు. అరవై ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఇక చాలు, విశ్రాంతి తీసుకోమన్నారు. ఒక్క ఏడాది గడువివ్వమని బతిమాలారామె. ఏడాది గడిచింది. అందరూ వీడ్కోలుకు సిద్ధమవుతుంటే అప్పుడు చెప్పారు అసలు సంగతి. రిటైరవుతున్నది మిషన్ నుంచేననీ, తాను మాత్రం కొండ మీదికే పోతున్నాననీ! మిషన్ జీతం లేదు, పదవి లేదు. ఉన్నదాంట్లోనే చిన్న గుడిసె వేసుకుని, ఓ పొట్టి గుర్రాన్ని కొనుక్కుని ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. భర్తతో కలిసి అనుకున్న పని చేతికి తీసుకునేసరికి ఆమెకు డెబ్భై దగ్గర పడింది. అందరికీ ఆమె ‘గ్రానీ బ్రాండ్’. మన లెక్కన మామ్మ.

బైబిల్లో కాలేబు కూడా అంతే. ఎనభై అయిదేళ్ల వయసులో తనకు కొండసీమనే ఇమ్మని అడుగుతాడు.

అయితే విశ్వాసం ఉన్నంత మాత్రాన ముసలి ఎముకలు గట్టిపడవు. మామ్మ గుర్రం మీంచి ఎన్నోసార్లు పడ్డారు. డెబ్భై అయిదేళ్లప్పుడు తుంటి ఎముక విరిగి, తెల్లవారి పనివాడు చూసేదాకా రాత్రంతా నేల మీదే ఉండిపోయారు. ఆమె కొడుకు డాక్టర్ పాల్ బ్రాండ్ సామాన్యుడు కాదు. మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరులోని సీఎంసీ ఆసుపత్రిలో, కుష్ఠువ్యాధితో వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి మళ్లీ పనికొచ్చేలా చేసిన సర్జన్. లోకంలో ఎందరి చేతులో బాగుచేసిన ఆయన తల్లిని మాత్రం కొండ దింపలేకపోయారు. ఎంత బతిమాలినా ఆమెది ఒకటే మాట... దేవుడు పిలిచిన చోట వాడని ఒంటిని భద్రంగా దాచుకుని ఏం చేసుకోవాలి?

ఏ కొడుక్కైనా గుండె దడదడలాడే జవాబే! తల్లి క్షేమం కోరడం తప్పు కాదు. కానీ క్షేమంగా ఉంచడమూ, బతకనివ్వడమూ ఎప్పుడూ ఒకటే కావని పాల్‌కు తెలిసొచ్చింది. ఆ తుంటి విరిగాక కూడా ఆమె దాదాపు ఇరవై ఏళ్లు పనిచేశారు. రెండు వెదురు కర్రల ఊతంతో నడిచారు. తొంభై మూడేళ్లకు గుర్రం దిగారు. ఆ తర్వాత ఊరివాళ్లే ఉయ్యాలలో మోసుకెళ్లారు. కలుషితమైన నీళ్లతో వచ్చే నారికురుపు గురించి చెప్పి, తాగునీటి బావులను శుభ్రంగా ఉంచుకోవడం నేర్పారు. ఆ జబ్బు దేశంలోనే లేదని 2000లో ధ్రువీకరించారు. ఆ విజయం వెనుక ఉన్న వేలమందిలో ఈ మామ్మ కూడా ఒకరు.

ఇంకో సంగతి. చివరి ఇరవై ఏళ్లూ ఆమె ఇంట్లో అద్దం ఉంచుకోలేదు. ముడతలు లెక్కపెట్టుకునే తీరిక ఏదీ? తమ కోసం వచ్చిన మనిషిని చూసి చుట్టూ మూగే కొండజనం ముఖాల్లోనే ఆమె తనను చూసుకున్నారేమో! 1974 డిసెంబరులో, తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూసిన ఆమెను తీసుకొచ్చి భర్త పక్కనే పూడ్చారు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అవే 70 మలుపులు. ‘ఈ వయసులో నీకెందుకమ్మా’ అని ఇంట్లో పెద్దవాళ్లతో ఎన్నిసార్లు అని ఉంటామో... ఈసారి లెక్కకొచ్చేవి అవే.

ఎలా వెళ్లాలి?
విజయవాడ, తిరుపతి నుంచి కాట్పాడి మీదుగా సేలం వరకూ రైళ్లున్నాయి. అక్కణ్నుంచి నామక్కల్ చేరుకుని కొల్లిమలైలోని సెమ్మేడుకు బస్సెక్కాలి. మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్లు కొంచెమే తిని ఎక్కడం మంచిది.