మూడో వేషమూ మాకొద్దు

మీ గోడకు మా గోడ ఆనుకునే ఉంది. అయినా మీరు మమ్మల్ని ముందుగా చూసింది సినిమా తెరమీదే.

చాన్నాళ్లు ఆ తెర మాకిచ్చింది ఒకటే వేషం. గళ్ల లుంగీ, కళ్లకు సుర్మా, 'నమ్మల్కీ, నిమ్మల్కీ' అంటూ వచ్చీరాని తెలుగు. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల సాయిబు ఎంత వెతికినా మాకక్కడ దొరకలేదు. 1992లో 'రోజా' వచ్చింది. నవ్వించే సాయిబు చేతికి తుపాకి వచ్చింది. తగలబడే జెండా పక్కనే నమాజు చూపించారు. మా అబ్బా రోజూ ఐదుపూటలా చదివే నమాజే అది.

అదే ఏడు అమెరికాలో డిస్నీ 'అలాద్దీన్' తీసింది. అందులో మొదటి పాటకి అరబ్బుల దేశమంటే చెవులు కోసే దేశం. అక్కడి అరబ్బులు నిలదీశారు. 1993లో వీడియోకి ఆ మాటలు మార్చారు. అనాగరికులన్న నింద మాత్రం అట్లాగే ఉంచారు.

2024లో మన దేశంలో డిస్నీ, రిలయన్సుల టీవీ వ్యాపారాలు ఒకటయ్యాయి. వందకు పైగా ఛానెళ్లు ఒకే గొడుగు కిందికొచ్చాయి. ఇక ఎవరిని నిలదీయాలి?

మా పిల్లలు వీధి మలుపులో టోపీ తీసి జేబులో పెట్టుకుంటున్నారు. తీయమని ఎవరూ చెప్పలేదు.

హీరో కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు వేషమూ మాకొద్దు. కూరగాయలు బేరమాడే మనిషిగా, పరీక్ష తప్పిన కొడుకుని కసిరే మనిషిగా ఒక్కసారి కనపడనివ్వండి, చాలు.