చార్మినార్ నుంచి బార్కస్ మైదానం దాకా

ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర ఆటో ఎక్కాను. లాడ్ బజారు షట్టర్లు ఇంకా తెరుచుకోలేదు. శాలిబండ దాటుతుండగా డ్రైవర్ వెనక్కి తిరిగి, "బార్కస్‌ల ఏం పని సార్, మండీ తినడానికా?" అన్నాడు. ఫుట్‌బాల్ చూడటానికి అన్నాను. "అట్లయితే గ్రౌండ్ కాడనే దించుతా" అని ఫలక్‌నుమా వైపు పోనిచ్చాడు.

నిజానికి నేను వెతుకుతున్నది ఇప్పుడు ఆ పేరుతో లేని ఒక జట్టును. అది హైదరాబాద్ సిటీ పోలీస్. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా జట్లే ఫుట్‌బాల్‌కు పెద్దదిక్కనుకునే రోజుల్లో దక్కను నుంచి వెళ్లిన పోలీసులు చేసిన పని ఇది.

ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో ఈ నగరంలోనే పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా పనిచేశారు. నన్ను కట్టిపడేసేది ఆయన గెలిచిన కప్పుల కన్నా నేర్పిన తీరు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలూ ఉండేవి. వీధి ఆటగాడికి సొంత నేర్పు మీద మోజెక్కువ. ఆ మోజును తగ్గించి పక్కవాడిని చూడటం నేర్పడం పంతులుకే చేతనవుతుంది. అదే పాఠం భారత జట్టుకూ చెప్పారు. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ స్వర్ణం వచ్చాయి. ఆ మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది.

చాంద్రాయణగుట్ట దాటగానే వీధి తీరు మారిపోయింది. దుకాణాల ముందు గళ్ల లుంగీలు వేలాడుతున్నాయి, తోపుడుబండ్ల మీద జామకాయలు, హరీస్ గిన్నెల దగ్గర జనం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల పేట ఇది.

మైదానంలో గడ్డి తక్కువ, దుమ్ము ఎక్కువ. పదీ పన్నెండేళ్ల పిల్లలు, కొందరు బూట్లతో, కొందరు ఉత్తకాళ్లతో ఆడుతున్నారు. గట్టు మీద కూర్చున్న తెల్లగడ్డం పెద్దాయన అరుస్తూనే ఉన్నాడు: "రోకో నక్కో, పాస్ దేవ్!" పిల్లాడు బంతిని ఆపకుండా పక్కకు తోశాడు. రహీం సాబ్ గతించి అరవై ఏళ్లు దాటినా ఆ పాఠం ఇక్కడ వినబడుతోంది.

ఆయన పక్కన కూర్చుని సలాం చెప్పాను. హబీబ్ ప్రస్తావన తేగానే ఆయన ముఖం వెలిగింది. ఈ నగరం నుంచి కలకత్తా వెళ్లిన మహమ్మద్ హబీబ్, 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాడు. "వాళ్ల ఇంట్ల అన్నదమ్ములంతా ఆటగాళ్లే, బేటా" అన్నాడు పెద్దాయన.

పోయిన జట్టు మళ్లీ రాగలదా అనుకుంటే నాకు ఇంగ్లండ్ గుర్తొస్తుంది. అక్కడ అక్రింగ్టన్ స్టాన్లీ అనే చిన్న ఊరి క్లబ్ 1962లో డబ్బుల్లేక లీగ్ వదిలేసింది, తర్వాత మూతబడింది. ఊరివాళ్లు 1968లో దాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. కింది మెట్ల నుంచి ఒక్కొక్కటే ఎక్కి 2006లో లీగ్‌లోకి తిరిగొచ్చింది. మన సిటీ పోలీస్ పేరు ఇంచుమించు స్టాన్లీ లీగ్ వదిలిన కాలంలోనే ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారి మరుగునపడింది. ఆ తర్వాత 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, ఆనక డబ్బు చిక్కుల్లో పడి ఢిల్లీకి తరలిపోయింది. ఐ-లీగ్‌లో నగరపు మరో క్లబ్ శ్రీనిధి దక్కన్ వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. పెట్టుబడి పెట్టినవాళ్లు తమ క్లబ్‌ను ఎటైనా తీసుకుపోవచ్చు. పేట సొంతం చేసుకున్న జట్టును ఎవరూ మోసుకుపోలేరని నా గట్టి నమ్మకం. అందుకే సిటీ పోలీస్ అన్న పేరు మళ్లీ ఒక జెర్సీ మీద చూడాలనుంది. ఆ జెర్సీ తొడిగేది ఈ మైదానం పిల్లలైతే ఇంకా బాగుంటుంది.

ఈ మాటే పెద్దాయనతో అన్నాను. తల ఊపాడు. "పెద్ద పోరగాండ్ల మ్యాచ్ అసర్ నమాజ్ అయినంక ఉంటది, చూసి పో" అన్నాడు. హరీస్ తిని, మ్యాచ్ దాకా ఆగాను.