పాత కారుకూ పాథేయం కావాలి

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరుల మీదుగా దోర్నాలకు వెళ్ళే దారి తొలి భాగమంతా పొలాల మధ్య సాగుతుంది. ఆత్మకూరు దాటి బైర్లూటి చేరుకోగానే దృశ్యం మారిపోతుంది. అటవీశాఖ తనిఖీ కేంద్రం దాటితే నల్లమల. అక్కడి నుంచి రోళ్ళపెంట మీదుగా దోర్నాల చేరేదాకా టేకు, నల్లమద్ది, వెదురు, వాటి నడుమ మలుపుల మీద మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటికంటే పెద్దది. సెల్‌ఫోన్ చాలాచోట్ల మూగబోతుంది. మెకానిక్ కొట్టు మాట అటుంచి, నీళ్ళు దొరికే చోటు కూడా అరుదు.

ఇటువంటి దారిలో పాత అంబాసిడర్‌తో వెళ్ళేవారు నేటికీ ఉన్నారు. ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన కారది. తండ్రి కొన్న బండి అని కొందరు, ముసలివారికి ఎక్కి దిగడం సులువని కొందరు దానిని వదులుకోలేదు. వలీమా విందుకో, పరామర్శకో కుటుంబమంతా అందులోనే బయలుదేరుతుంది. ఆ బండి అడవి మధ్య ఆగిపోతే ఇబ్బంది యజమాని ఒక్కడిది కాదు. వెనుక సీట్లో మందులు వేసుకోవలసిన తల్లి ఉంటుంది, ఒడిలో పసిబిడ్డ ఉంటుంది.

“అల్లాహ్ ఉన్నాడు, బయలుదేరండి” అనేవారు మనలో తక్కువేమీ కాదు. ఆ మాట నిజమే. అయితే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ బుఖారీలో ఉంది. పూర్వం యమన్ వాసులు కొందరు దారి సామగ్రి లేకుండానే హజ్‌కు బయలుదేరేవారు. తాము అల్లాహ్‌పై భారం వేశామనేవారు. మక్కా చేరాక జనాన్ని యాచించేవారు. అప్పుడే ప్రయాణ సామగ్రి వెంట ఉంచుకోవాలనే ఆదేశం సూరె బఖరాలో అవతరించింది. అన్నిటికంటే ఉత్తమ సామగ్రి దైవభీతి అని అక్కడే చెప్పబడింది. ఒకటి ఉంటే రెండవది అక్కర్లేదని మాత్రం చెప్పబడలేదు. తన వంతు ఏర్పాటు చేసుకోకుండా ఇతరుల మీద ఆధారపడటం తవక్కుల్ అనిపించుకోదు.

ఇక డికీలో ఉండవలసినవేమిటో చూద్దాం. పాత పెట్రోలు ఇంజిన్ దారిలో ఆగడానికి సాధారణంగా కారణాలు మూడు: వేడెక్కడం, మెరుపు అందకపోవడం, పెట్రోలు అందకపోవడం.

మొదటిది వేడి. ఈ కారులో నీటి పంపునూ, బ్యాటరీకి విద్యుత్తునిచ్చే డైనమోనూ ఒకే ఫ్యాన్ బెల్టు తిప్పుతుంది. బెల్టు తెగితే ఛార్జింగ్ ఎర్రదీపం వెలుగుతుంది, కొద్దిసేపటికే వేడిమి ముల్లు పైకి లేస్తుంది. ఆ రెండూ కలిసి కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ముందుకు పోకూడదు. డైనమో బోల్టులు వదులుచేసి దానిని ఇంజిన్ వైపు నెట్టి, కొత్త బెల్టు ఎక్కించి, వెనక్కి లాగి బిగించాలి. బెల్టును నడుమ బొటనవేలితో నొక్కితే అరంగుళం దాకా లోపలికి పోవాలి. ఈ కారు బోల్టులు చాలావరకు అంగుళాల కొలతవి. నేటి మిల్లీమీటర్ల పానాలు సరిగా పట్టక వాటి తలలను అరగదీస్తాయి. కనుక బెల్టుతో పాటు తగిన పానాలూ ఉండాలి. రేడియేటర్ హోస్ పైపులు, క్లిప్పులు, ఇన్సులేషన్ టేపు, పది లీటర్ల నీళ్ళు వీటికి తోడు. పొగలు కక్కే రేడియేటర్ మూత తీయడం ఒళ్ళు కాల్చుకోవడమే. అరగంట ఆగి, మందపు గుడ్డతో మూతను కొద్దిగా తిప్పి ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాతే నీళ్ళు నెమ్మదిగా పోయాలి.

రెండవది మెరుపు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు అరిగినా, మసిబారినా ఇంజిన్ తడబడి ఆగిపోతుంది. ఒక జత పాయింట్లు, కండెన్సర్, రోటర్, కాయిల్, రెండు ప్లగ్గులు, చిన్న ఉప్పుకాగితం ముక్క ఉంచుకోవాలి. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట 15 వంతులు, ప్లగ్గుకు 25 వంతులు. దానిని కొలిచే రేకుల గేజి చాలా చవక. కొత్తగా కొన్న వస్తువును పెట్టెలో పెట్టి మరచిపోవడం కంటే, ఒకసారి బండికి బిగించి పనిచేస్తుందని చూసి, తీసి దాచుకోవడం మేలు.

మూడవది పెట్రోలు. మండుటెండలో తక్కువ గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి ఇంజిన్‌కు అందదు. తడిగుడ్డ పంపు మీద కప్పి అరగంట చల్లారనిస్తే చాలు. చాలామంది ఈ సంగతి తెలియక బాగున్న సామాను విప్పుతారు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు పైపులను అది మెత్తబరచి చీలుస్తుంది. కనుక ఇథనాల్‌ను తట్టుకొనే పైపు ఒక మీటరు, దానికి క్లిప్పులు, చిన్న అగ్నిమాపక సీసా తప్పనిసరి. పెట్రోలు వాసన వస్తే సెల్ఫ్ కొట్టకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు నింపి డికీలో పెట్టుకోవద్దు. ఆత్మకూరులోనే ట్యాంకు నింపుకుంటే ఆ అవసరమే రాదు.

వీటితో పాటు జాకీ, గాలి సరిచూసిన స్టెప్నీ, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు, టార్చిలైటు, ఎర్రని హెచ్చరిక త్రికోణం, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. బ్రేకు ఆయిల్ సీసా కూడా ఉంచుకోవచ్చు గాని, ఆయిల్ కారుతున్న బండిని ఘాట్ దింపే సాహసం ఎవరూ చేయరాదు. అది మరమ్మతుకు కాదు, లాగించుకొని పోవడానికి సమయం.

బండి ఆగిన తరువాతి మర్యాదలు మన ధర్మం ముందే నేర్పింది. రాత్రి విడిది చేసేటప్పుడు దారి మీద ఉండవద్దని, అవి జంతువులు తిరిగే, విషపురుగులు చేరే చోట్లని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. నల్లమలలో ఈ బోధన అక్షరాలా వర్తిస్తుంది. బండిని రోడ్డు అంచుకు నెట్టాలి. త్రికోణాన్ని మలుపు అవతలే పెట్టాలి. పిల్లలను పొదల్లోకి పోనివ్వరాదు. కోతులకు తిండి వేయరాదు, నిప్పు రాజేయరాదు. రాత్రివేళ ఈ అడవి దారులలో వాహనాలను అనుమతించరు. కనుక ఫజ్ర్ తర్వాత బయలుదేరి అసర్ లోపు అడవి దాటేలా చూసుకోవడం వివేకం. ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (స) బోధన అబూ దావూద్‌లో ఉంది. బానెట్ ఎత్తాక నలుగురు నాలుగు సలహాలు ఇచ్చే వేళ దాని విలువ బాగా తెలుస్తుంది.

రేడియేటర్ కోసం ఉంచిన నీళ్ళుండగా తయమ్ముమ్ చేయవచ్చా అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. తనకో, తోటివారికో, తన పశువుకో దాహం ముంచుకొస్తుందన్న భయమున్నప్పుడు ఉన్న నీటిని దాచుకొని తయమ్ముమ్ చేయవచ్చని ఫిఖ్‌హ్ గ్రంథాలు అంటాయి. ఇంజిన్‌ను పశువుతో పోల్చవచ్చా, ఆ నీరు పోతే ప్రయాణికుల ప్రాణానికి ముప్పుందా అన్నది ఆయా పరిస్థితిని బట్టి ముఫ్తీలు తేల్చవలసిన విషయం. వుజూకు మరో ఐదు లీటర్లు వేరుగా తీసుకెళితే ప్రశ్నే పుట్టదని వాడికి చెప్పాను.

కొన్నేళ్ళ క్రితం వేసవిలో మా బంధువుల అంబాసిడర్ రోళ్ళపెంటకు ఇవతల బెల్టు తెగి నిలిచిపోయింది. బండిలో మా మేనత్త ఉంది. డెబ్బయి దాటిన మనిషి, చక్కెర వ్యాధి ఉన్నది. కొత్త బెల్టు ఉంది, అది ఎక్కించే పానా లేదు. గంట సేపట్లో ఎన్నో కార్లు వేగం తగ్గించకుండా పోయాయి. చివరికి ఒక లారీ ఆగింది. ఆ డ్రైవరు మా మతంవాడు కాదు, మా ఊరివాడూ కాదు. తన పానాల సంచి దించి, ఒళ్ళంతా మసి చేసుకొని బెల్టు బిగించాడు. తన సద్దిలోంచి అరటిపండు తీసి మేనత్తకు ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, “దారిలో ఎవరన్నా ఆగిపోతే నువ్వు ఆగు అన్నా, చాలు” అన్నాడు.

ఆ మాటతో నాకు గుర్తుకొచ్చింది హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం. ఒక ప్రయాణంలో ప్రవక్త (స) అదనపు వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని, అదనపు దారిబత్తెం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని చెప్పారు. ఒక్కొక్క వస్తువు పేరూ చెబుతూ పోతుంటే, మిగులు మీద తమకు హక్కే లేదేమోనని సహచరులకు అనిపించింది. మన డికీలోని రెండవ బెల్టు, రెండవ నీళ్ళ డబ్బా, లాగే తాడు ఆ లెక్కలోకే వస్తాయి. సొంత ఊరిలో ఎంత సంపన్నుడైనా దారిలో నిస్సహాయుడైన బాటసారిని ఖుర్ఆన్ జకాత్ హక్కుదారులలో చేర్చింది. అలాంటివాడి పక్క నుంచి అద్దాలు బిగించుకొని ఎలా వెళ్ళగలం? మోసగాళ్ళ భయమున్న మాట నిజమే. పగటివేళ, మన బండిలో ఇద్దరు ముగ్గురు మగవారున్నప్పుడు ఆగవచ్చు. అదీ కుదరకపోతే తర్వాతి తనిఖీ కేంద్రంలో చెప్పి పోవచ్చు. ఫోను అందే చోట జాతీయ రహదారుల సహాయానికి 1033కు, ఆపదలో 112కు కబురు చేయవచ్చు. ఏమీ చేయకుండా సాగిపోవడానికి మాత్రం సాకు దొరకదు.

ప్రయాణానికి ముందురోజు రాత్రి దుస్తుల పెట్టె సర్దేటప్పుడే డికీ కూడా ఒకసారి తెరవండి. మన అవసరానికి ఒకటి, ఎదురయ్యేవారి అవసరానికి ఒకటి ఉన్నదో లేదో చూసుకోండి. తెల్లవారి ప్రయాణ దుఆ చదివి బయలుదేరండి. అల్లాహ్ మిమ్మల్ని క్షేమంగా గమ్యం చేర్చుగాక, దారిలో ఒకరికి అక్కరకు వచ్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.