గడ్డం గీసే విద్య

మన గృహ్యసూత్రాలు పేర్కొన్న సంస్కారాలలో కేశాంతం ఒకటి. యువకుని గడ్డానికి తొలిసారి కత్తి తగిలే శుభకార్యమది. ఆ వేళ గురువుకు గోవును దానమిచ్చే ఆచారం ఉండడం వల్ల దానికి గోదానమనే పేరు కూడా ఏర్పడింది. అది పదహారవ ఏట జరిగేదని చెబుతారు. ఇంటర్మీడియట్ విద్యార్థి వయస్సు ఇంచుమించు అదే. నేడు ఆ సంస్కారం దాదాపు కనుమరుగైంది. కత్తి మాత్రం మిగిలింది. దానిని ఎలా పట్టాలో చెప్పేవారు అరుదయ్యారు. సోమవారం ఉదయం తరగతిలో ముందు వరుస పిల్లల చెంపల మీద కనిపించే ఎర్రని గీతలే ఇందుకు సాక్ష్యం.

పూర్వం గడ్డం గీయడం చాలావరకు క్షురకుని చేతిలోని పని. ఆయన కత్తికి అడ్డు ఉండేది కాదు. ఆయన వేళ్లే అడ్డు. ఎడమచేతి వేళ్లతో చర్మాన్ని బిగువుగా లాగి, కుడిచేత కత్తిని తేలికగా జార్చే ఆ నేర్పుకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు. ఎవరి గడ్డం వారే గీసుకోవచ్చునని 1769లో ఒక గ్రంథమే రాసినవాడు పారిస్ నగరంలో కత్తులు చేసే జాన్ జాక్ పెరే. కత్తికి కొయ్య అడ్డును అమర్చినవాడు కూడా ఆయనే. అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిలెట్ పలుచని ఉక్కు బ్లేడును బిగించే రేజరును 1903లో అమ్మకానికి పెడితే, ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు లక్షల సంఖ్యలో వాటిని పంచిపెట్టిన తరువాత ఆ అలవాటు ఇళ్లకు చేరింది.

అయితే రేజరు కత్తికి అడ్డు పెట్టిందే గాని, చేతికి నేర్పును ఇవ్వలేదు. బ్లేడు మందం మిల్లీమీటరులో పదోవంతు. అంత పలుచని అంచుకు బలం అవసరం లేదు. పిడి బరువే చాలు. ముందుగా గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు గడ్డాన్ని నానబెట్టాలి. నీరు పీల్చుకున్న వెంట్రుక సులువుగా తెగుతుంది. ఆ తరువాత సబ్బు నురుగు పట్టించి, రేజరు తల పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోవాలి. బ్లేడు అంచు చర్మాన్ని తాకీ తాకని చోట ఆపితే, చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం ఏర్పడుతుంది. మణికట్టును బిగించి, ఆ కోణం చెడకుండా అంగుళం మేర చిన్న చిన్న గీతలుగా లాగాలి. చెవి దగ్గర మొదలుపెట్టి దవడ వరకు ఒకే ఊపున లాగడం సినిమాలలో చూడడానికి బాగుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది వెంట్రుకల వాలు. మొదటిసారి వాలుకు గీయాలి. మళ్లీ నురుగు రాసి అడ్డంగా గీయాలి. చర్మం ఓర్చుకోగలిగితేనే మూడవసారి ఎదురు గీయాలి. ఎదురు గీసినప్పుడు వెంట్రుక చర్మం కన్నా లోపలికి తెగి, మళ్లీ పెరిగేటప్పుడు, ముఖ్యంగా ఉంగరాల వెంట్రుకలు గలవారిలో, లోలోపలే వంకర తిరిగి పొక్కులు లేస్తాయి. నున్నదనం మీద మోజుతో మెడను పాడుచేసుకునే కుర్రవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ఈ వాలు ఒక్కొక్క ముఖానికి ఒక్కొక్క తీరు. నా ముఖం నాకు అలవాటు కాబట్టి నేనెన్నడూ దాని గురించి ఆలోచించలేదు. మూడేళ్ల క్రితం పక్షవాతం వల్ల మా నాన్నగారి కుడిచేయి పడిపోయింది. ఆయనకు అప్పటికి ఎనభై రెండేళ్లు. మాసిన గడ్డంతో ఎవరి ఎదుటా పడడం ఆయనకు గిట్టదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నారు కనుక విద్యుత్ యంత్రం మేలని వైద్యులు చెప్పారు. యంత్రం కొన్నాం. నాలుగు రోజులు ఓర్చుకుని, "ఇది గీకినట్టుందిగాని గీసినట్టు లేదురా" అన్నారు. చివరకు వాలుకు మాత్రమే గీసే షరతు మీద వైద్యులు రేజరుకు ఒప్పుకున్నారు.

ఆయన గడ్డం మీద చిన్న గాటు పడినా రక్తం చాలాసేపటికి గాని ఆగదు. పటిక ముక్క పక్కన ఉంచుకున్నాను గాని, దాని మీద భారం వేయదలచలేదు. మొదటిరోజు రేజరు ముట్టుకోకుండా, పొడి గడ్డం మీద వేళ్లతో తడిమి చూశాను. నున్నగా జారిన వైపు వాలు, గరుకుగా తగిలిన వైపు ఎదురు. చెంపల మీద వెంట్రుకలు కిందికి దిగుతున్నాయి. ఎడమ దవడ కింద చెవివైపు తిరిగాయి. మెడ అడుగున పైకి పోతున్నాయి. గొంతుముడి పక్కన ఒక సుడి ఉంది. యాభై ఏళ్లకు పైగా రోజూ చూస్తున్న ముఖంలో ఈ దారులున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

పక్షవాతం సోకిన చెంప జారి ఉంటుంది. చెవి ముందు చర్మాన్ని పైకి లాగి పట్టుకుంటే గాని గీత నిలవదు. కట్టుడు పళ్లు పెట్టుకున్న తరువాతే మొదలుపెడతాం; లేకపోతే బుగ్గలు లోతుకు పోయి బ్లేడు అంచు కింద ముడత పడుతుంది. గొంతుముడి మీద నేరుగా గీయను. అక్కడి చర్మాన్ని పక్కకు జరిపి, మెత్తని చోట గీసి వదిలేస్తాను. రెండు గీతలకొకసారి రేజరును నీటిలో ముంచడం, వారానికొకసారి బ్లేడు మార్చడం మామూలే.

పని పూర్తికాగానే నాన్నగారు ఎడమచేతితో గడ్డమంతా తడుముకుంటారు. ఆ పరీక్షకు నేను మొదటి నుంచీ భయపడుతూనే ఉన్నాను.

"సుడి దగ్గర మిగిలిపోయాయిరా."

"ఎదురు పడితే గాని అవి రావు నాన్నగారూ. ఉండనివ్వండి."

"నేను గీసుకున్నప్పుడు వచ్చేవి."

"మీ చేతికి వచ్చేవి."

ఆయన మరోసారి తడుముకుని, తువ్వాలు అందుకుంటారు. మరునాడు ఉదయం మళ్లీ ముందుగా చేయి వేసేది అక్కడే.