వేళ రాయని అంకె

కళింగపట్నం వైపు నుంచి వచ్చే మత్స్యకారులకు సుగరు మాత్ర రాసే ముందు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "వేటకి ఎన్ని గంటలకి వెళ్తావు, ఎన్నింటికి అన్నం తింటావు?" రిపోర్టు చూడకుండా ఇదేం ప్రశ్నని కొందరు నా ముఖం వంక చూస్తారు.

వంశధార సముద్రంలో కలిసే ఈ తీరంలో పడవలు తెల్లారక ముందే కదులుతాయి. నలభై దాటిన ఒక మత్స్యకారుడి మందుల చీటీలో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర 'ఉదయం ఒకటి' అని ఉంది. అతని ఉదయం మూడింటికే మొదలవుతుంది. మాత్ర మింగి, పరగడుపునే పడవెక్కేవాడు. వల లాగుతుంటే ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, మాట తడబాటు. తోటివాళ్లు తాగొచ్చాడనుకున్నారు. "నాను సుక్క ముట్టలేదు బాబూ" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తిండి ఉన్నా లేకపోయినా గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటుంది. దానికి ఒంటి కష్టం తోడైతే సుగరు ఇంకా పడిపోతుంది.

అతని హెచ్‌బీఏ1సీ 7.2. కాగితం మీద మంచి ఫలితమే. కానీ అది మూడు నెలల సగటు. బడికి వెళ్లే కూతురి చేత వేలి పరీక్షల పుస్తకంలో అంకె పక్కన వేళ కూడా రాయించాను. ఒడ్డుకు రాగానే 58, మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు 260. ఎక్కువా తక్కువా కలిసి సగటులో కనబడకుండా పోయాయి. గ్లిమిపిరైడ్ ఆపేశాను. మెట్‌ఫార్మిన్ అన్నంతో వేసుకోమన్నాను. పడవలోకి చద్దన్నం, పంచదార పొట్లం తీసుకెళ్లమన్నాను.

ఆ పొట్లం సంగతి పడవలో అందరికీ తెలియాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేసి, కుదుటపడితే అన్నం పెట్టాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఒడ్డుకు, ఆసుపత్రికి చేర్చాలి.

వేలి పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరనివ్వండి. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి పెట్టండి. సముద్రపు గాలిలోని తేమకు అవి పాడవుతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో కథ తలకిందులవుతుంది. మనిషీ అతనే, మందూ అదే. ఒంటికి పని ఉండదు, అప్పుల దిగులుతో నిద్ర పట్టదు, సుగరు పెరుగుతుంది. అప్పుడు "తిండి దగ్గర నోరు కట్టుకోలేవా" అని కసరడం అన్యాయం. నిషేధానికి ముందొకసారి, తర్వాతొకసారి మందు సరిచూడాలి.

సుగరు ఉన్న, చేపల గంప మోసే ఒకామె అరికాలి పుండు నొప్పి లేదని నెలల తరబడి చూపించుకోలేదు. నొప్పి తెలియకపోవడమే అక్కడ జబ్బు. రక్తహీనత కూడా ఉంది. ఇనుము తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, అందుకే ఆమెకు వేలి పరీక్షలే ఆధారం చేసుకున్నాం. నడుం నొప్పికి దుకాణంలో కొన్న బిళ్లలు మాన్పించడానికి మాత్రం చాలా మాట్లాడాల్సి వచ్చింది. ఉద్దానంలో సుగరు లేనివాళ్లకే ఇంతమందికి కిడ్నీలు పాడవుతున్న జిల్లా మనది. సుగరు ఉన్నవాళ్లు నొప్పి బిళ్లలతో ఆడుకోకూడదు. ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి.

దేశంలో సుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. వాళ్లందరికీ పొద్దున్న ఒకే వేళకు రాదు. మీ ఇంట్లో సుగరు ఉన్న మనిషి వేటకో, పొలానికో, రాత్రి డ్యూటీకో వెళ్తుంటే, పని వేళ, తిండి వేళ, నిద్ర వేళ ఒక కాగితం మీద రాసి రిపోర్టుతో పాటు డాక్టరుకు చూపించండి. ఆయన అడగకపోయినా చూపించండి.