గోడ కట్టారు, గేటు తెరిచే ఉంచారు

సాఫ్ట్‌వేర్ ఇంజినీరంటే మన చుట్టాల లెక్కలో ప్రింటర్ నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ బాగుచేసేవాడు. ఆ లెక్కలోనే మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, మా బాబాయి తన డయాగ్నస్టిక్ ల్యాబులో నెట్‌వర్కు ఓసారి చూడమన్నాడు. ల్యాబు చిన్నదే. ఒక రౌటరు, ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్చి, రిపోర్టుల కంప్యూటరు, బిల్లింగు కంప్యూటరు, నాలుగు కెమెరాలు, వచ్చినవాళ్ళకి వైఫై.

"వీల్యాన్‌లు వేయించాంరా, ఇంక భయం లేదు" అని బాబాయి ధీమా. వేసిన మాట నిజమే. ఆఫీసుకి 10, కెమెరాలకి 20, గెస్ట్ వైఫైకి 30. స్విచ్చి నుంచి రౌటర్‌కి ట్రంకు. పీవీఐడీలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కానీ వెయిటింగ్ హాల్లో కూచుని, గెస్ట్ వైఫై మీద నుంచి రిపోర్టుల కంప్యూటర్ ఐపీ కొడితే షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంది. పాస్‌వర్డ్ కూడా అడగలేదు! పేషెంట్ల పేర్లు, ఏ టెస్టులు చేయించుకున్నారో అన్నీ అందులోనే. చిన్న ఊరు. ఎవరి రిపోర్టు ఎవరి కంటబడినా ఒక పెళ్ళి సంబంధం తప్పిపోవచ్చు.

ఎందుకిలా? 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం చేసే పని చాలా చిన్నది. ఫ్రేముకి 4 బైట్ల ట్యాగు తగిలిస్తుంది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరు. ఆ నంబరు చూసి స్విచ్చి 30లోది 10లోకి పోనివ్వదు. అంతవరకే దాని బాధ్యత. వేరే సబ్‌నెట్‌కి పోవాల్సిన ప్యాకెట్టు రౌటర్ దగ్గరికెళ్తుంది. రౌటర్‌కి మూడు వీల్యాన్‌లలోనూ ఐపీ ఉంది. అడ్డుకోమని రూలు లేకపోతే అది బుద్ధిగా అటుదిటు అందిస్తుంది, దాని ఉద్యోగమే అది. అంటే గోడ స్విచ్చిలో ఉంది, గేటు రౌటర్లో ఉంది. గేటు దగ్గర కాపలా లేదన్నమాట.

రూల్స్ నాలుగు రాస్తే సరిపోయింది. ముందుగా, మొదలైపోయిన కనెక్షన్ల జవాబులకి అనుమతి. 30 నుంచి ఇంటర్నెట్‌కి మాత్రమే దారి. 20 నుంచి ఎక్కడికీ లేదు. 10 నుంచి కెమెరాలు చూడొచ్చు. ఇవి కాక రౌటర్ సొంత అడ్మిన్ పేజీకి వేరే రూలు కావాలి, ఎందుకంటే అది రౌటర్ గుండా పోయే ట్రాఫిక్కు కాదు, రౌటర్‌కే వచ్చేది. గెస్టులకి డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ ఉంచి మిగతావి మూసేశాను. షేర్‌కి పాస్‌వర్డూ పెట్టాను. ఇంటి నుంచి ఫోన్లో కెమెరాలు రావట్లేదని బాబాయి కాస్త అలిగాడు. 2016లో మిరాయ్ ఇలాంటి కెమెరాల్నే, మార్చని పాస్‌వర్డ్‌లతో లొంగదీసుకుందని చెప్పాక ఊరుకున్నాడు.

వేసినవాణ్ణి తిట్టి లాభం లేదండీ. వీల్యాన్ అడిగారు, వీల్యాన్ ఇచ్చాడు. "ఇక్కణ్ణుంచి అది కనబడకూడదు" అని ఎవరూ అడగలేదు. మన ప్రాజెక్టుల్లో మాత్రం? లాగిన్ అవుతోందా అని పది టెస్టులు రాస్తాం, అవకూడని వాడు అవుతున్నాడా అని ఒక్కటీ రాయం. పని చేస్తోందని డెమోలో చూపిస్తే చప్పట్లు కొడతారు. అడ్డుకుంటోందని చూపించమని అడిగేవాడేడీ?

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు చుట్టాల షాపులోనో, క్లినిక్‌లోనో గెస్ట్ వైఫై ఎక్కి లోపలి కంప్యూటర్‌కి ఒక పింగ్ కొట్టండి, షేర్‌లు తెరవడానికి ప్రయత్నించండి. వాళ్ళకి చెప్పే కొట్టండి సుమా!