మాడిసన్ ఒడ్డున మూడు రాత్రులు

"నేను రాను, మీరు వెళ్ళి రండి" అన్నారు మావారు. 2023 జూలైలో, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఎల్లోస్టోన్ పార్కు చూపిస్తానని వాడు చిన్న ట్రైలరు అద్దెకు మాట్లాడాడు. ట్రైలరంటే కారు వెనుక తగిలించుకునే చిన్న గది. అందులో పడకలు, బుల్లి ఫ్రిజ్ ఉంటాయి. ఈయనకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. రాత్రిళ్ళు సీపాప్ యంత్రం నడవాల్సిందే. మేము దిగబోయే మాడిసన్ క్యాంపులో కరెంటు లేదు. ఆ పార్కులో ట్రైలర్లకు కరెంటిచ్చే చోటు ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటే. అక్కడ మాకు ఖాళీ దొరకలేదు.

పెట్రోలు జనరేటరు కొందామన్నాడు అబ్బాయి. కోడలు నియమాలు చదివింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే నడపాలట. మనకు కావలసింది ఆ తర్వాతే కదా! పైగా దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గదిలోకి చేరితే నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక మిగిలింది బ్యాటరీ పెట్టె. ఎంతది కొనాలి? రానన్న మనిషే కాగితం, కలం అందుకున్నారు. బరంపురంలో బ్యాంకు లెక్కలు రాసిన చెయ్యి కదా! యంత్రం 40 వాట్లు, 8 గంటలు. వెరసి రాత్రికి 320 వాట్-అవర్లు. గాలిని వెచ్చబరిచే తేమతొట్టి వాడితే ఖర్చు చాలా పెరుగుతుంది. డాక్టరునడిగి దాన్ని ఆపాం. ఇంటి కరెంటులా మార్చి వాడితే కొంత వృథా అవుతుందని 12 వోల్టుల వైరు వేరే కొన్నాం. ఫ్రిజ్ రోజుకు మరో 300 తింటుందన్నారు. "ఐసుపెట్టె చాలు, కాఫీకి గ్యాసు పొయ్యి ఉంది" అన్నాను. అలా 1000 వాట్-అవర్ల పెట్టె, 100 వాట్ల సోలారు పలక ఖాయమయ్యాయి.

మాడిసన్ 6,800 అడుగుల ఎత్తున ఉంది. ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు ఏరులు అక్కడ కలిసి మాడిసన్ నది అవుతాయి. సంగమం కనబడగానే నాకు తెలియకుండానే చేతులు జోడించాను. మొదటి రాత్రి నాకు నిద్రే లేదు. ఏటి గలగలలో యంత్రం బుసను వెతుక్కుంటూ, టార్చి వేసి పెట్టెమీది అంకె చూసుకుంటూ గడిపాను. తెల్లారేసరికి 64 శాతం మిగిలింది. ఈయన హాయిగా నిద్రలేచి "కాఫీ ఏదీ?" అన్నారు.

చుట్టూ పైన్ చెట్ల నీడ. వడియాలు ఆరబెట్టినట్టు ఎండ వెంట పలకను జరుపుతూనే ఉన్నాం. ఉదయం చలి గడ్డకట్టించేలా ఉంటే వెంటనే ఛార్జింగు పెట్టేవాళ్ళం కాదు. సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే ఇలాంటి లిథియం బ్యాటరీ పాడవుతుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గకు 16 మైళ్ళు వెళ్ళి వచ్చేటప్పుడు పెట్టెను కారు సాకెట్టుకు తగిలించాం. ఆకాశానికెగసిన ఆ నీటిని చూసి ఈయన పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మూడో ఉదయానికి పెట్టెలో 28 శాతం మిగిలింది.

అమెరికా నుంచి అలాంటి పెట్టె తెచ్చుకుందామనుకునేరు! 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానాల్లో తేనివ్వరు. తెచ్చుకోదగ్గది ఆ లెక్క. దారింగ్‌బాడి వెళ్ళినా, వ్యానులో తీర్థయాత్రకు బయల్దేరినా ముందు రాత్రి అవసరం కూడండి. తర్వాతే దుకాణానికి వెళ్ళండి. ఆ కాగితం ఇప్పటికీ మావారి యంత్రం సంచిలోనే ఉంది. ప్రయాణం మాటెత్తితే ఇప్పుడు ముందు సంచి సర్దేది ఆయనే.